విశాఖ, భీమిలి తీరానికి ఎప్పుడు రావాలి? హోటల్ బుకింగ్ కన్నా ముందు పంచాంగం చూడండి

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్ నుంచి ఐదుగురు వస్తారు: మీరిద్దరు, బడికెళ్లే పిల్లలిద్దరు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు. విశాఖకీ భీమిలికీ మధ్య ఎక్కడో ఒకచోట ఐదారు రోజులు ఉండాలి. ఊరికే అలల్లో కాళ్లు తడుపుకుని, కైలాసగిరి ఎక్కి దిగి వెళ్లిపోవడం కాకుండా, ఇక్కడివాళ్లు చేసుకునే ఉత్సవాలు, ఆ కాలంలో మాత్రమే దొరికే విశేషాలు చూడాలి. డిసెంబరు ఆఖరి వారమే బెస్ట్ అని అందరూ చెబుతున్నారు, నిజమేనా అని అడిగారు.

కాదండీ. సంక్రాంతి జనం తిరిగి వెళ్లిపోయాక, మాఘ పౌర్ణమి లోపు రండి. జనవరి మూడో వారం దాటాక అనుకోండి. పిల్లల బడి అడ్డం కాబట్టి జనవరి 26 సెలవుకి అటో ఇటో రెండు రోజులు కలుపుకుంటే సరిపోతుంది. అది కుదరకపోతే నా రెండో మాట దసరా వెళ్లిన వారం. దానికి తుపాను భయం ఒకటుంది, కింద చెబుతాను. వేసవి సెలవులు తప్ప గతి లేదంటే అక్షయ తృతీయ చుట్టూ పెట్టుకోండి, కానీ సముద్రపు చేపల మీద ఆశ తగ్గించుకుని రండి.

నేను భీమిలి రోడ్డులో కొన్ని గదులు పెట్టుకుని అతిథులకి ఇస్తుంటాను. అంతకు ముందు టూరిస్టు కారు నడిపాను. వచ్చినవాళ్లలో సంతోషంగా వెళ్లేవాళ్లెవరో, ముఖాలు మాడ్చుకుని వెళ్లేవాళ్లెవరో చూస్తూనే ఉన్నాను. తేడా అంతా వాళ్లు ఏ తేదీని నమ్ముకుని వచ్చారన్న దాంట్లోనే ఉంటుంది.

ఈ తీరంలో జరిగేవాటిని నేను మూడు రకాలుగా లెక్కేసుకుంటాను. తిథిని బట్టి వచ్చేవి మొదటి రకం. రథసప్తమి, మాఘ పౌర్ణమి, అక్షయ తృతీయ, ఆషాఢ పౌర్ణమి, సిరిమాను ఇలాంటివి. వీటి తేదీలు ఏడాది ముందే తెలుస్తాయి, వానొచ్చినా వరదొచ్చినా మారవు. రెండోది సముద్రాన్ని బట్టి జరిగేవి. వేట, వలలు, తాబేళ్లు, వలస పక్షులు. వీటికి తేదీ ఉండదు, కాలం ఉంటుంది. వారం అటూ ఇటూ అయినా దొరుకుతాయి. మూడో రకం ప్రభుత్వమో, నేవీయో, ఇంకెవరో పెట్టేవి. విశాఖ ఉత్సవ్, నేవీ విన్యాసాలు, మారథాన్, ఫుడ్ ఫెస్టివల్. చూడ్డానికి ఇవే అన్నిటికన్నా ఆర్భాటంగా ఉంటాయి, తేదీ విషయంలో మాత్రం వీటిని నమ్మడానికి లేదు. మొదటి రకాన్ని పట్టుకుని టికెట్లు తీసుకోండి, రెండోదాన్ని దాని చుట్టూ సర్దుకోండి, మూడోది దొరికితే అదృష్టం అనుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

డిసెంబరు సంగతి దీనికి మంచి ఉదాహరణ. డిసెంబరు 4 నేవీ డే. 1971 యుద్ధంలో మన నౌకలు కరాచీ రేవు మీద దాడి చేసిన రోజు. అంతకు ముందు రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర్లోనే మునిగిపోయింది కాబట్టి ఈ ఊరికి ఆ రోజు మీద మమకారం ఇంకాస్త ఎక్కువ. నగరంలోని ఆర్కే (రామకృష్ణా) బీచ్‌లో ఉన్న 'విక్టరీ ఎట్ సీ' స్తూపం ఆ యుద్ధ విజయానికి గుర్తే. ఆ సాయంత్రం బీచ్ ముందు యుద్ధనౌకలు, తల మీదుగా విమానాలు, హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని దిగే కమాండోలు, చీకటి పడ్డాక దీపాలతో వెలిగే నౌకలు... పిల్లలున్న ఇంటికి అంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ 2023లో మిచాంగ్ తుపాను వల్ల ఆ విన్యాసాలు డిసెంబరు 10కి జరిగాయి. 2024లో నేవీ డే ప్రధాన వేడుక పూరీలో పెట్టారు, విశాఖ ప్రదర్శన 2025 జనవరి 4న జరిగింది. డిసెంబరు 4 అని ఖాయం చేసుకుని విమానం టికెట్లు కొన్నవాళ్లు ఏం చేస్తారు? ఒక చిట్కా చెబుతాను: అసలు రోజుకి ముందు పూర్తి రిహార్సల్ ఉంటుంది. అందులో కనిపించేది దాదాపు అదే, వీఐపీల హడావిడి మాత్రం ఉండదు. స్థానికులు చాలామంది రిహార్సల్‌కే వెళ్తారు.

ఇక డిసెంబరు ఆఖరి వారం. వాతావరణం హాయిగా ఉంటుంది, అందులో సందేహం లేదు. కానీ రాష్ట్రంలో సగం మందికి అదే తెలుసు. అరకు వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు, కొత్త సంవత్సరం గుంపులు, అందరూ ఇదే వారంలో పడతారు. గదుల రేట్లు మామూలు రోజులతో పోలిస్తే ఎక్కడికో పోతాయి. 31 రాత్రి బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. పెద్దావిడతో అంత దూరం నడవాలంటే కష్టం. పైగా ఆ వారంలో ఇక్కడివాళ్లది అంటూ ఏ పండుగా లేదు. ఉండేదల్లా డీజేలు. మార్గశిరం ఉన్నంతకాలం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడిలో గురువారాలు బాగుంటాయి. అమ్మవారికి ఎవరికి వాళ్లు తమ చేత్తో పసుపు, కుంకుమ వేసి పూజ చేసుకోవచ్చు, అది అక్కడి ప్రత్యేకత. కానీ ఏడాదిని బట్టి డిసెంబరు మూడో వారం నుంచి జనవరి రెండో వారం లోపు ఎప్పుడో మార్గశిరం అయిపోతుంది, అదీ పంచాంగంలో చూసుకోవాలి.

మరి మాఘంలో ఏముంది అంటారా? అన్నీ ఉన్నాయి.

ముందు సముద్రం. ఈశాన్య రుతుపవనాలు వెనక్కి తగ్గాక జనవరి, ఫిబ్రవరిలో కెరటాలు ఏడాదిలోకెల్లా నెమ్మదిస్తాయి. అలివి వల లాగడానికి ఇదే అదను. ఇది చూడకుండా వెళ్తే ఈ తీరాన్ని చూడనట్టే అని నా గట్టి అభిప్రాయం. తెల్లవారుజామున ఒక పడవ వల ఒక కొస ఒడ్డున వదిలి, సముద్రంలోకి పోయి, అర్ధచంద్రాకారంలో వల పరుచుకుంటూ కొంత దూరంలో మళ్లీ ఒడ్డుకి వస్తుంది. అక్కణ్ణుంచి రెండు జట్లు రెండు తాళ్లు పట్టుకుని లాగడం మొదలుపెడతాయి. నడుముకి తాడు బిగించుకుని, మడమలు ఇసుకలో దిగేసి, ఒకేసారి వెనక్కి వాలతారు. వెనక చివరకి వెళ్లినవాడు తాడు వదిలి మళ్లీ నీటి అంచుకి వచ్చి పట్టుకుంటాడు. ఒక కుర్రాడు వచ్చిన తాడునంతా చుట్ట చుడుతూ ఉంటాడు. లాగుతూ లాగుతూ రెండు జట్లూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. చివర్లో వల సంచి ఒడ్డెక్కే ముందు నీళ్లు తళతళా మెరుస్తాయి. నెత్తళ్లు, కవళ్లు, చిన్న పారలు, వాటితో బాటు జెల్లీఫిష్‌లు, ఎప్పుడైనా ఒక మంచి కోనెం (వంజరం). కాకులు, కొంగలు, కుక్కలు, బుట్టలు పట్టుకున్న ఆడవాళ్లు, అందరూ ఒక్కసారే చేరతారు. అక్కడికక్కడే వాటాలు, బేరాలు.

దీనికి టికెట్టు లేదు, టైమ్ టేబుల్ లేదు. ముందురోజు సాయంత్రం ఏ మత్స్యకార పల్లె ఒడ్డునైనా వల బాగుచేసుకుంటున్నవాళ్లని 'రేపు వల దింపుతున్నారా బాబూ' అని అడిగితే చెబుతారు. మీ పిల్లలు తాడు పట్టుకుంటామంటే నవ్వుతూ పట్టనిస్తారు. ఫొటోలు అడిగి తీయండి. ముఖ్యంగా చేపలు పడని రోజు మీద మీద పడి వీడియోలు తీయకండి. అది వాళ్ల ఆ పూట కూలి. పిల్లల కాళ్లకి చెప్పులుండాలి, జెల్లీఫిష్ చచ్చిపోయినా అంటుకుంటే మంట పుడుతుంది.

తాబేళ్లది కూడా ఇదే కాలం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి మార్చి వరకు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా ఉంటాయి. ఉదయాన్నే నడిస్తే, జనం తొక్కకముందు, తడి ఇసుక మీద ట్రాక్టర్ టైరు తిరిగినట్టు జాడ కనబడుతుంది. నీళ్లలోంచి పైకి ఒక గీత, గుంత, మళ్లీ నీళ్లలోకి ఒక గీత. అటవీ శాఖ వాళ్లు, వాలంటీర్లు ఆ గుడ్లని తీసి కంచె వేసిన హేచరీలో పాతిపెడతారు. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు ఇలాంటి హేచరీలు పెడుతుంటారు. ఏడెనిమిది వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. కాబట్టి ఇక్కడ ఒక మెలిక ఉంది: జనవరి ఆఖర్లో వస్తే జాడలు, గూళ్లు కనిపిస్తాయి గానీ బుల్లి తాబేళ్లని సముద్రంలోకి వదలడం చూడాలంటే మార్చి, ఏప్రిల్‌లో రావాలి. వదిలేది తెల్లవారుజామునో సాయంత్రమో. ముందురోజు హేచరీ కాపలాదారుని అడిగితే చాలు. ఫోన్ ఫ్లాష్ మాత్రం వెయ్యకండి. ఆ పిల్లలు వెలుతురుని చూసి దారి పట్టుకుంటాయి. సముద్రం మీది ఆకాశం బదులు మీ ఫోన్ కనిపిస్తే ఇటే తిరుగుతాయి. చచ్చి కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్లు కూడా ఈ నెలల్లో కనిపిస్తాయి. మీ పిల్లలు అడుగుతారు, ముందే సిద్ధంగా ఉండండి. మర పడవల వలల్లో చిక్కుకుని ఊపిరాడక పోయేవే వాటిలో ఎక్కువ.

తిథుల విషయానికొస్తే, రథసప్తమికి శ్రీకాకుళం దగ్గర అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి. భీమిలి నుంచి రెండు గంటల పైన ప్రయాణం. అర్ధరాత్రి నుంచే క్యూ మొదలవుతుంది. మీ అత్తగారితో అయితే ఆ ఒక్కరోజు వదిలేసి, ముందో తర్వాతో వెళ్లండి. దర్శనం ప్రశాంతంగా అవుతుంది. అసలైన తీరపు పండుగ మాఘ పౌర్ణమి. ఆ రోజు సముద్ర స్నానానికి చుట్టుపక్కల పల్లెలన్నీ ఒడ్డుకి వస్తాయి. అనకాపల్లి వైపు పూడిమడక, రేవుపోలవరం తీరాల్లో జాతరలా ఉంటుంది. రంగుల రాట్నం, జీళ్లు, ఖర్జూరం కొట్లు, ఇసుకతో చిన్న గుడి కట్టి పూజ చేసుకునే ఆడవాళ్లు. సాయంత్రం దాకా ఆగగలిగితే పౌర్ణమి చంద్రుడు సముద్రంలోంచే పైకి వస్తాడు. మాది తూర్పు తీరం కదా, సూర్యోదయమూ చంద్రోదయమూ రెండూ సముద్రంలోంచే. 'సన్‌సెట్ పాయింట్ ఎక్కడండీ' అని అడిగే అతిథులు నాకు ఇప్పటికీ వస్తుంటారు. సూర్యుడు కొండల వెనక్కి పోతాడు, దానికి నేనేం చెయ్యను!

పంచాంగం ఎందుకు చూడమంటున్నానో ఈ తేదీలు చూస్తే మీకే తెలుస్తుంది. మాఘ పౌర్ణమి 2024లో ఫిబ్రవరి 24, 2025లో ఫిబ్రవరి 12, 2026లో ఫిబ్రవరి 1. మూడేళ్లలో తేదీ మూడు వారాలకి పైగా ముందుకి జరిగిపోయింది. రథసప్తమి దానికి సుమారు ఎనిమిది రోజుల ముందు. 2026లో అది జనవరి 25న, రిపబ్లిక్ డే సెలవుకి అతుక్కుని వచ్చింది. పోయినసారి ఎవరో ఫలానా తేదీకి వెళ్లి బాగుందన్నారని అదే తేదీకి వస్తే జాతర అయిపోయిన ఇసుకలో కాగితాలు మిగులుతాయి. మహాశివరాత్రి దాకా ఆగేట్టయితే అప్పికొండ సోమేశ్వరస్వామి గుడి ఉంది. సముద్రపు ఒడ్డునే గుడి, ఒడ్డునే జాతర. కానీ ఆ రాత్రి ట్రాఫిక్ సంగతి నన్నడక్కండి.

దసరా వారం గురించి. నా రెండో మాట అదని చెప్పాను, కారణం విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం అది. భీమిలిలో దిగితే విజయనగరం గంట ప్రయాణం. యాభై అడుగులకి పైబడిన చింతమాను, దాని కొసన గాల్లో కూర్చున్న పూజారి, కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరగడం, కింద లక్షల జనం. సిరిమానుకి ముందు తెల్ల ఏనుగు, పాలధార, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. ఆ వలని జాగ్రత్తగా గమనించండి. సముద్రానికి కాస్త దూరంలో ఉన్న ఊరి అమ్మవారి ఊరేగింపులో చేపల వల ఎందుకు ముందు నడుస్తోందని పిల్లల్ని అడగండి, మంచి కబుర్లు మొదలవుతాయి. మధ్యాహ్నమే వెళ్లి తెలిసినవాళ్ల డాబా మీద చోటు చూసుకోవాలి. రోడ్డు మీద నిలబడి చూడ్డం చిన్నపిల్లలతో అయ్యే పని కాదు. సోమవారం తొలేళ్ల ఉత్సవానికి జనం కాస్త తక్కువ, రాత్రి ఊరంతా మేలుకునే ఉంటుంది. పెద్దావిడకి అది సులువు.

ఆ వారానికి రెండు చిక్కులున్నాయి. దుర్గాపూజ సెలవులకి బెంగాల్ వాళ్లు విశాఖకీ అరకుకీ రైళ్ల నిండా వస్తారు, గదులు నెలల ముందే పోతాయి. రెండోది తుపాన్లు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న సరిగ్గా విశాఖ మీదే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు, మొంథా 2025 అక్టోబరు 28న కాకినాడ వైపు. ప్రతి ఏడాదీ వస్తుందని కాదు, కానీ అక్టోబరు, నవంబరుల్లో వస్తే డబ్బులు వెనక్కిచ్చే బుకింగే తీసుకోండి, రెండు రోజులు అదనంగా సెలవు చేతిలో పెట్టుకోండి. రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే బీచ్ మూసేస్తారు. 'దూరం నుంచి చూస్తాం' అని బతిమాలడం వల్ల ఉపయోగం లేదు. కార్తీక పౌర్ణమి స్నానాలు కూడా ఈ కాలంలోనే పడతాయి. చూడ్డానికి ఎంతో అందం, కానీ వాయుగుండం ఉన్న ఏడాది సముద్రం ఆ రోజుని ఖాతరు చెయ్యదు.

వేసవి. ఎండ కన్నా ఉక్కపోతే ఇక్కడ అసలు బాధ. థర్మామీటరు హైదరాబాద్ కన్నా తక్కువే చూపిస్తుంది, చొక్కా మాత్రం తడిసి ముద్దవుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే కాస్త ప్రాణం లేచొస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు, ఇంజను పడవలు రేవులోనే కట్టేస్తారు. ఇంజను లేని తెప్పలు మాత్రం దగ్గర్లో తిరుగుతాయి. కాబట్టి ఆ రోజుల్లో హోటల్లో 'ఫ్రెష్ వంజరం' అని రాసి ఉంటే అది ఐసులో ఉన్నదో, ఇంకో తీరం నుంచి వచ్చిందో అయ్యుంటుంది. చెరువు రొయ్యలు, పండుగప్ప తినండి, అవి మోసం చెయ్యవు. తాటి ముంజలు, జీడిమామిడి పళ్లు ఈ కాలానికే ప్రత్యేకం. మీకు వీలైతే జూన్ 15 వేకువజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. పడవలకి కొత్త రంగులు, పసుపు కుంకుమలు, దండలు, కొబ్బరికాయలు. గంగమ్మకి మొక్కి బయలుదేరే ఆ ఉదయాన్ని ఏ టూరిజం కరపత్రంలోనూ వెయ్యరు. ఎందుకు వెయ్యరో నాకు అర్థం కాదు.

వేసవిలో తిథి పండుగ సింహాచలం చందనోత్సవం, అక్షయ తృతీయ నాడు. ఏడాదంతా చందనం పూతలో ఉండే అప్పన్న నిజరూపం ఆ ఒక్కరోజే కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడని ఆ క్యూలో నిలబెట్టమని నేను చెప్పను. గంటల తరబడి నిలబడాలి. 2025లో ఆ రోజు వేకువన క్యూ పక్కన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. నిజరూపమే కావాలని ఆవిడ పట్టుబట్టకపోతే ఇంకో రోజు హాయిగా వెళ్లి రండి.

వానాకాలం గురించి రెండే మాటలు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, రుషికొండలో బోటింగ్ తరచూ ఆపేస్తారు, కొండలు మాత్రం పచ్చగా కన్నుల పండుగ. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ముందురోజు మధ్యాహ్నం కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర మొదలై, హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెం, అప్పుఘర్ దగ్గర సముద్రాన్ని తాకుతుంది. నడిచేవాళ్లు చాలామంది అక్కడ స్నానం చేసి ముందుకి సాగుతారు. రాత్రి బీచ్‌లో కూర్చుని ఆ జనప్రవాహాన్ని చూడ్డం ఒక అనుభవం. దారి పొడవునా ఇళ్ల ముందు మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు పంచుతుంటారు. ఆ మధ్యాహ్నం రైలు దిగి భీమిలి చేరాలని మాత్రం ప్లాన్ వేసుకోకండి, నగరంలో సగం దారులు మూసి ఉంటాయి. వినాయక నిమజ్జనాలప్పుడూ, ఆ తర్వాతి కొద్ది రోజులూ నగరం వైపు నీళ్లలోకి పిల్లల్ని దింపకండి. ఇనప చువ్వలు, కర్రలు తేలుతుంటాయి.

ఏ కాలంలో వచ్చినా ఒక విషయం. ఆర్కే బీచ్ చూడ్డానికే, స్నానానికి కాదు. ఒడ్డు చటుక్కున లోతవుతుంది, వెనక్కి లాగే ప్రవాహం చాలా బలంగా ఉంటుంది. రెండు కెరటాల వరసల మధ్య ఒకచోట నీళ్లు కదలకుండా, నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అక్కడ దిగడం సేఫ్ అనుకుంటారు చాలామంది. సరిగ్గా అదే లోపలికి లాగే దారి. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకూడదు, అలిసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ ప్రవాహం వెడల్పు తక్కువే, పక్కకి తప్పుకుంటే కెరటాలే మళ్లీ తెచ్చి పడేస్తాయి. అమావాస్య, పౌర్ణమిలకి పోటు ఎక్కువ. మాఘ పౌర్ణమికి మీరు వచ్చేదీ అలాంటి రోజే కాబట్టి స్నానం మోకాలి లోతు దాటొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు. లైఫ్‌గార్డులు ఉన్నచోట, వాళ్లు చూస్తున్నప్పుడు దిగండి. నీళ్లలో ఆడటానికి రుషికొండ మేలు. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు (శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకి ఇచ్చేది) వచ్చింది. అక్కడ కూడా ఎర్ర జెండా పెట్టిన రోజు వెనక్కి రావాల్సిందే.

మీ ప్రశ్న కింద వ్యాఖ్యల్లో ఎవరో కోనసీమ వెళ్లమని మీకు సలహా ఇచ్చారు. అది వేరే ప్రయాణం, దీంతో కలపకండి. కలపాలని ఉంటే దానికీ మాఘమే కరెక్ట్. పుష్య అమావాస్యకి కాకినాడ దగ్గర చొల్లంగిలో స్నానంతో సప్తసాగర యాత్ర మొదలై, భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ముగుస్తుంది. అంతర్వేది కళ్యాణం, రథం అప్పుడే. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలంటే సంక్రాంతికే రావాలి. వెదురుతో కట్టి అలంకరించిన అంతెత్తు ప్రభని భుజాల మీద మోస్తూ నిండు కాలవలోకి దిగే మనుషుల్ని చూస్తే మళ్లీ మర్చిపోరు. ఇంకా దక్షిణానికి, జనవరిలో సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్ ఉంది గానీ అది మూడో రకం. కొన్నేళ్లు ఆగిపోయి 2025 జనవరిలో మళ్లీ పెట్టారు. పులికాట్, నేలపట్టు పక్షులు మాత్రం పండగ పెట్టినా పెట్టకపోయినా చలికాలంలో వస్తాయి, అవి రెండో రకం.

మీ ఐదారు రోజులు ఎలా సర్దుకోవాలంటే: భీమిలి వైపు దిగండి, నగరంలో కాదు. నగరం ఒక్కరోజు చాలు. ఉదయాలు ఒడ్డుకి, వలకి, తాబేళ్ల జాడలకి వదిలేయండి. మధ్యాహ్నం ఎండలో ఏమీ పెట్టుకోకండి. ఒక సాయంత్రం తొట్లకొండకి వెళ్లండి. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం, పైనుంచి సముద్రం మొత్తం కనిపిస్తుంది. కారు చాలా దూరం వెళ్తుంది కాబట్టి మీ అత్తగారూ రాగలరు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు ఒక పూటకి సరిపోతాయి. ఆ సంగమం దగ్గర దిగకండి, చూడండి అంతే. ఎర్రమట్టి దిబ్బలు పిల్లలకి బాగా నచ్చుతాయి, కానీ కాలు దిగబడే ఇసుక. ఆవిడని రోడ్డు దగ్గర నీడలో కూర్చోబెట్టి మీరు వెళ్లి రండి. దిబ్బల అంచులెక్కి జారనివ్వకండి, వేల ఏళ్లుగా పేరుకున్న మట్టి ఒక్క జారుడుకే కూలుతుంది. కుర్సుర జలాంతర్గామి మ్యూజియంలో దారులు ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి. ఆవిడకి అదీ కష్టమే. దాని ఎదురుగానే నేవీ పాత విమానం టీయూ-142 మ్యూజియం ఉంది, ఆవిడని అక్కడికి తీసుకెళ్లండి. సోమవారం ఈ మ్యూజియంలు మూసి ఉంటాయి కాబట్టి నగరంలో తిరిగే రోజుని మంగళవారం నుంచి శుక్రవారం లోపు పెట్టుకోండి.